ఓడ ప్రయాణంలో జబ్బు పడకుండా: మాస్కు ఎక్కడ, సబ్బు ఎక్కడ

పోయినసారి అమ్మని, అక్కావాళ్ళని తీసుకుని చెన్నైలో ఓడ ఎక్కినప్పుడు మా సంచిలో నాలుగు శానిటైజర్ సీసాలు, ఒక పెట్టె సర్జికల్ మాస్కులు ఉన్నాయి. అవి చాలనుకున్నాం. మూడో రోజు తెల్లవారుజామున అమ్మకి వాంతులు మొదలయ్యాయి. సముద్రం పడలేదేమోనని అల్లం ముక్క చప్పరించమన్నాం. ఏడు గంటలకల్లా విరేచనాలు పట్టుకున్నాయి, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఓడలో డాక్టరమ్మ అమ్మని చూసి మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, భోజనానికి ముందు చేతులు దేంతో శుభ్రం చేసుకుంటున్నారని. శానిటైజర్‌తో అన్నాం. సబ్బూ నీళ్ళూ వాడాలమ్మా అంది ఆవిడ.

అమ్మ రెండు రోజుల్లో తేరుకుంది. కానీ ఆ రెండు రోజులూ డెబ్బై ఏళ్ళ మనిషి పక్కన కూర్చుని గ్లాసు గ్లాసుకీ ఓఆర్‌ఎస్ తాగిస్తూ నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను. విశాఖకి 2022 జూన్‌లో పర్యాటకుల ఓడ వచ్చింది, 2023 సెప్టెంబరులో అక్కడ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. బెజవాడలో పొద్దున్నే రత్నాచల్ రైలు ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటాం, పినాకిని ఎక్కితే చెన్నైలో ఉంటాం. సింగపూర్ వెళ్ళి అక్కడ ఓడ ఎక్కేవాళ్ళూ మన బంధువుల్లోనే కనిపిస్తున్నారు. వాళ్ళలో చాలామంది అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో వెళ్తున్నారు.

మాస్కు తప్పనిసరి అనే రోజులు పోయాయి. మన దేశంలో కోవిడ్ ఆంక్షల కోసం వాడిన విపత్తు నిర్వహణ చట్టం ఉత్తర్వులు 2022 మార్చి 31తో ముగిశాయి. విమానాల్లో మాస్కు తప్పనిసరి నిబంధనని అదే ఏడాది నవంబరులో తీసేశారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఓడల కోసం నడిపిన కోవిడ్ కార్యక్రమాన్ని 2022 జులైలో ఆపేసింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కాబట్టి ఓడలో మాస్కు పెట్టుకోమని సాధారణంగా మిమ్మల్ని ఎవరూ అడగరు. ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో మీరే తేల్చుకోవాలి.

ముందు రెండు దారులు గుర్తుపెట్టుకోండి

వంటింట్లో తాలింపులో ఎండుమిర్చి మాడితే ఏమవుతుంది? పొయ్యి దగ్గర లేనివాళ్ళు కూడా దగ్గుతారు. తలుపులు మూసి ఉంటే పడకగదిలో పడుకున్న తాతయ్యకి కూడా ఘాటు తగులుతుంది. అదే తాలింపు పెరట్లో పెడితే గాలికి పోతుంది. కోవిడ్, ఫ్లూ, మామూలు జలుబు ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి. జబ్బు మనిషి ఊపిరితో, మాటతో, దగ్గుతో బయటికొచ్చిన సన్నటి తుంపర మూసిన గదిలో గాలిలో తేలుతూ ఉంటుంది. దీనికి మాస్కు, వీచే గాలి, దూరం పనిచేస్తాయి.

రెండో దారి ఆవకాయ కలిపిన చెయ్యి. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో కారం ఉంటుంది, మర్చిపోయి కన్ను నలుపుకుంటే తెలుస్తుంది. నోరోవైరస్ అనే వాంతులూ విరేచనాల జబ్బు ఇలా చేతుల మీదుగా, తాకిన వస్తువుల మీదుగా, తిండి మీదుగా నోట్లోకి పోతుంది. ఓడల్లో గుంపుగా వచ్చే కడుపు జబ్బులకి ఎక్కువగా కారణం ఇదే. చాలా కొద్ది వైరస్ కణాలు చాలు మనిషిని పడగొట్టడానికి. రెయిలింగుల మీద, తలుపు పిడుల మీద రోజుల తరబడి బతికి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆల్కహాల్ శానిటైజర్‌కి ఇది సరిగ్గా లొంగదు. సబ్బు రుద్ది, పారే నీటిలో కడిగి దాన్ని చేతి మీంచి వదిలించాలి.

ఈ రెండో దారి సంగతి కోవిడ్ తర్వాత మనం మర్చిపోయాం. జేబులో శానిటైజర్ సీసా ఉంటే అన్నిటికీ సరిపోతుందని అలవాటు పడ్డాం. మా ఇంట్లో జరిగిన పొరపాటు అదే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. సీడీసీ పరిధిలోకి వచ్చే ఓడల్లో గుంపుగా వచ్చిన కడుపు జబ్బుల సంఘటనలు 2023లో 14, 2024లో 18 నమోదయ్యాయి. అన్ని వేల ప్రయాణాల్లో ఇది చిన్న సంఖ్య. నోరోవైరస్ భూమి మీద హాస్టళ్ళలో, ఆసుపత్రుల్లో, పెళ్ళి భోజనాల్లో అంతకంటే చాలా ఎక్కువగా వస్తుంది. ఓడలో తేడా ఏమిటంటే వేలమంది ఒకే రెయిలింగ్ పట్టుకుంటారు, ఒకే గరిట తిప్పుతారు, మధ్యలో దిగి ఇంటికి పోవడానికి ఉండదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడని ఆపేసినప్పుడు అందులో ఉన్న 3,711 మందిలో 700 మందికి పైగా కోవిడ్ సోకింది. 2022 జనవరిలో ముంబై నుంచి గోవా వెళ్ళిన ఓడలో 66 మందికి పాజిటివ్ వచ్చింది.

బయల్దేరడానికి మూడు వారాల ముందు

ఇంట్లో పెద్దవాళ్ళని మీరు మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బెజవాడ సూర్యారావుపేట అయినా, గుంటూరు కొత్తపేట అయినా, ఎక్కడైనా సరే, ఓడ ప్రయాణమని ముందే చెప్పండి. ఫ్లూ టీకా వేయించుకుంటే రక్షణ వచ్చేసరికి సుమారు రెండు వారాలు పడుతుంది, అందుకే మూడు వారాల ముందు అంటున్నాను. అరవై ఐదు దాటినవాళ్ళకి న్యుమోనియా టీకా అవసరమా అని అప్పుడే అడగండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: "వాంతులు, విరేచనాలు అయి తిండి లోపలికి పోకపోతే షుగరు మాత్ర వేయాలా, ఆపాలా? బీపీ మాత్ర సంగతేంటి?" సమాధానం ప్రతి మనిషికీ వేరుగా ఉంటుంది. దాన్ని డాక్టరు చేతే చీటీ మీద రాయించుకోండి. అర్ధరాత్రి సముద్రం మధ్యలో ఫోన్ కలవనప్పుడు ఆ చీటీ ఎంత ధైర్యమో నాకు తెలుసు.

ఓడ ఊగితే వచ్చే కడుపులో తిప్పుడుకి అవోమిన్ లాంటి మాత్ర కావాలేమో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకునే కంటే ముందుగా వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, మగత వస్తుంది. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు.

ప్రయాణ బీమా తీసుకోండి. ఓడలో ఆరోగ్యశ్రీ కార్డు పనిచేయదు. సాధారణంగా ముందు మీరే డబ్బు కట్టి, బిల్లులు తెచ్చుకుని, ఇంటికొచ్చాక క్లెయిమ్ చేసుకోవాలి. పాలసీలో ఓడ ప్రయాణం కలిసి ఉందో లేదో, ఓడ మీంచి ఒడ్డుకి అత్యవసరంగా తరలించే ఖర్చు ఇస్తారో లేదో చదివి చూసుకోండి. జబ్బు చేసి ఎక్కలేకపోతే టికెట్టు డబ్బులో ఎంత వెనక్కిస్తారో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఈ ఒక్కటి ముందే తెలిస్తే జ్వరంతో ఓడ ఎక్కే పరిస్థితి రాదు.

మాస్కు కొనేటప్పుడు

మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు ముక్కుకి తువ్వాలు చుట్టుకోవడం గుంటూరు వాళ్ళందరం చూసిందే. ఎంత గట్టిగా చుట్టినా అంచుల్లోంచి ఘాటు దూరుతూనే ఉంటుంది, తుమ్ములు ఆగవు. మాస్కు విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది అదే. గుడ్డ ఎంత మందం అన్నదాని కంటే అంచులు ముఖానికి ఎంత అతుక్కున్నాయన్నది పెద్ద విషయం.

మూసిన చోట్ల నిజంగా కాపాడేది ఎన్‌95 రకం. మన దేశపు ప్రమాణం ప్రకారం తయారైనవాటి మీద ఐఎస్ 9473, ఎఫ్‌ఎఫ్‌పీ2 అని ఉంటుంది. చెవులకి తగిలించే పట్టీల కంటే తల వెనక్కి వేసుకునే పట్టీలున్నవి బాగా అతుకుతాయి. ముందు చిన్న ప్లాస్టిక్ మూత, అంటే వాల్వ్ ఉన్నవి కొనొద్దు. మీరు వదిలే ఊపిరి దాంట్లోంచి వడకట్టకుండా బయటికి పోతుంది, మీకే జబ్బు ఉంటే పక్కవాళ్ళకి రక్షణ ఉండదు.

కొన్నాక ఇంట్లోనే పెట్టుకుని చూడండి. ముక్కు మీద తీగని రెండు చేతుల వేళ్ళతో నొక్కండి. గట్టిగా ఊపిరి వదలండి. కళ్ళజోడు మసకబారినా, బుగ్గల పక్కన గాలి తగిలినా అది మీ ముఖానికి సరిపోలేదు, ఇంకో కంపెనీది చూడండి. గడ్డం ఉన్నవాళ్ళకి ఏ మాస్కూ పూర్తిగా అతకదు. రెండేళ్ళలోపు పిల్లలకి మాస్కు అసలు వద్దు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఎన్‌95 పెట్టుకుని ఇంట్లో అరగంట అటూ ఇటూ తిరిగి చూసుకోండి, ఆయాసంగా ఉంటే డాక్టరుతో మాట్లాడండి.

ఎన్‌95ని ఉతక్కూడదు. సముద్రం గాలికి, చెమటకి తొందరగా తడుస్తుంది, తడిసింది పనిచేయదు. నాలుగు రోజుల ప్రయాణానికి మనిషికి నాలుగైదు పెట్టుకోండి. వాడినదాన్ని ప్లాస్టిక్ కవరులో కుక్కకుండా కాగితం సంచిలో వేసి ఆరనివ్వండి.

చేతి సంచిలో ఏమేం ఉండాలి

రేవులో పెద్ద పెట్టెలు వాళ్ళు తీసుకుని, కొన్ని గంటల తర్వాత మీ గదికి చేరుస్తారు. కాబట్టి మందులన్నీ మీ భుజాన వేలాడే సంచిలోనే ఉండాలి. రోజూ వేసుకునే మాత్రలు ప్రయాణం రోజులకంటే నాలుగు రోజులకి ఎక్కువగా, చీటీతో సహా. పారాసిటమాల్, జ్వరం చూసే థర్మామీటరు, రెండు మూడు కోవిడ్ హోమ్ టెస్ట్ కిట్లు, చిన్న సబ్బు బిళ్ళ లేదా కాగితం సబ్బు, మాస్కులు. 2021లో మనందరం కొన్న పల్స్ ఆక్సీమీటరు ఏ బీరువాలోనో ఉంటుంది. తీసి బ్యాటరీ మార్చి పెట్టుకోండి.

ఓఆర్‌ఎస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. షాపులో అట్టపెట్టె పానీయం తీసుకుని ఓఆర్‌ఎస్ అనుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. పంచదార ఎక్కువగా, ఉప్పు తక్కువగా ఉన్న ఆ పానీయాలు విరేచనాలని ఇంకా పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాలకి ఆ పేరు వాడకూడదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్‌లోని ఒక పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది, ఆవిడకి తల్లులందరం రుణపడి ఉన్నాం. మందుల షాపులో పొడి ప్యాకెట్టు అడగండి. దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. పెద్ద ప్యాకెట్టు ఒకటి ఒక లీటరు నీళ్ళకి, సగం గ్లాసుకి చిటికెడు లెక్కన కాదు. కలిపినదాన్ని ఒక రోజులోపు తాగేయాలి. మనిషికి నాలుగు ప్యాకెట్లు పెట్టుకుంటే మంచిది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, గీసి కొలిచినవి.

పులిహోర, గోంగూర, ఆవకాయ జాడీ కట్టుకుంటున్నారా? ఇంట్లో వండినవి లోపలికి తేవడానికి చాలా ఓడల కంపెనీలు ఒప్పుకోవు. ముందే అడిగి వెళ్ళండి, లేకపోతే రేవులో పారేయాల్సి వస్తుంది.

ఓడ ఎక్కే వారం

ఓడలో వచ్చిందని మనం అనుకునే జలుబు చాలాసార్లు ఇంటి నుంచే బయల్దేరుతుంది. ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు పెళ్ళి భోజనాలు, శరన్నవరాత్రుల్లో దుర్గమ్మ కొండ క్యూలు వీలైతే తగ్గించుకోండి, తప్పకపోతే మాస్కు పెట్టుకు వెళ్ళండి. ఏసీ రైలు పెట్టెలో, నెహ్రూ బస్ స్టేషన్ నుంచి వెళ్ళే ఏసీ బస్సులో, ఆరేడు గంటలు మూసిన గాలి పీల్చే చోట మాస్కు ఉంచండి. కారులో అయితే మధ్య మధ్య అద్దాలు దించండి.

రేవులో ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడుగుతారు. ఈ మధ్య జ్వరం, దగ్గు, వాంతులు, విరేచనాలు వచ్చాయా అని. నిజం చెప్పండి. మా ఓడలో, మేం కూర్చున్న బల్ల పక్క బల్ల పెద్దమనిషి మొదటి రాత్రే చెప్పాడు, ఇంటి దగ్గరే విరేచనాలు పట్టుకున్నాయని, చెబితే ఎక్కనివ్వరని చెప్పలేదని. ఆయనకి డబ్బు పోతుందన్న బాధ ఉంది, నేను అర్థం చేసుకోగలను. మా అమ్మకి ఆయన వల్లే వచ్చిందని కూడా నేను అనలేను. కానీ ఆయన చేత్తో పట్టుకున్న గరిటనే ఆ వెనక రెండు వందలమంది పట్టుకున్నారు. వాళ్ళలో కీమో చేయించుకుని కాస్త ఊపిరి పీల్చుకుందామని వచ్చిన మనిషి ఉండొచ్చు, గర్భిణి ఉండొచ్చు. దయచేసి దాచొద్దు. ముందురోజు కోవిడ్ కిట్‌తో ఒకసారి చూసుకోండి కూడా.

ఓడలో మాస్కు ఎక్కడెక్కడ

రేవులో ఎక్కే ముందు కూర్చోబెట్టే హాలు ప్రయాణం మొత్తంలో అతి కిక్కిరిసిన చోటు. అక్కడ తప్పకుండా పెట్టుకోండి. లిఫ్టులో పెట్టుకోండి, మోకాళ్ళు సహకరిస్తే మెట్లెక్కండి. రాత్రి ఆటపాటలుండే థియేటరులో పెట్టుకోండి, అక్కడ వందలమంది గంటసేపు నవ్వుతూ, అరుస్తూ ఉంటారు. వెళ్ళిన ఊళ్ళో తిరగడానికి ఎక్కించే ఏసీ బస్సులో, ఒడ్డుకి చేర్చే మూసిన చిన్న పడవలో పెట్టుకోండి. ఓడ వైద్య కేంద్రానికి ఏ కారణంతో వెళ్ళినా పెట్టుకోండి.

పైన ఆరుబయట డెక్కు మీద, గాలి కొడుతుంటే, మాస్కు అక్కర్లేదు. సముద్రం చూడ్డానికే కదా వెళ్ళింది, హాయిగా ఊపిరి పీల్చుకోండి. మీ గదిలో మీ కుటుంబమే ఉన్నప్పుడు కూడా అక్కర్లేదు. బాల్కనీ ఉన్న గదికి డబ్బు ఎక్కువే, కానీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఆ ఖర్చు వృథా కాదు. ఒకవేళ జబ్బు చేసి గదిలోనే ఉండాల్సి వస్తే కిటికీ లేని గదిలో రెండు రోజులు గడపడం చాలా కష్టం.

కోవిడ్ తర్వాత చాలా ఓడల్లో ఏసీకి మంచి వడపోతలు పెట్టారు, బయటి గాలి ఎక్కువ కలుపుతున్నారు. అది మంచిదే. అయినా మీ బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని దగ్గే మనిషి తుంపర ఆ వడపోత దాకా వెళ్ళకముందే మీ దగ్గరికి వస్తుంది.

భోజనం దగ్గర మాస్కు తీయక తప్పదు. అందుకని చోటు, వేళ మార్చుకోండి. తలుపులు తెరవగానే వెళ్ళిపోండి, రద్దీ మొదలయ్యేలోపు తిని లేవొచ్చు. బయట డెక్కు మీద బల్లలుంటే అక్కడ కూర్చోండి. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే కసరత్తు అన్ని ఓడల్లో తప్పనిసరి. ఇప్పుడు చాలా చోట్ల దాని వీడియో గదిలోని టీవీలో చూసి, తర్వాత మీ చోటుకి వెళ్ళి కనిపించి రావచ్చు. రద్దీ లేని వేళ చూసుకుని వెళ్ళండి, కసరత్తు మాత్రం మానొద్దు.

"ఇంకా మాస్కేంటండీ, కరోనా పోయి ఎన్నాళ్ళయింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మా బావగారు చెప్పే సమాధానం నాకు నచ్చింది: "అత్తయ్య గారికి ఆయాసం ఉందండీ, ఆవిడ కోసం." ఇంతకంటే వాదన అక్కర్లేదు. పక్కన ఎవరైనా దగ్గుతుంటే కసురుకోవద్దు. "బాబాయ్ గారూ, నా దగ్గర కొత్త మాస్కు ఉంది, ఇవ్వమంటారా? మా అమ్మ పెద్దావిడ" అంటే తొంభై శాతం మంది తీసుకుంటారని నా అనుభవం. తీసుకోకపోతే మీరు లేచి ఇంకో చోటికి వెళ్ళండి.

చేతులు, గరిటలు, రెయిలింగులు

సబ్బుతో ఇరవై సెకన్లు. మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టండి. వేళ్ళ సందులు, బొటనవేలు చుట్టూ, గోళ్ళ కింద. చేత్తో అన్నం కలుపుకు తినే మనకి ఇది ఇంకా ముఖ్యం. గోళ్ళు బయల్దేరే ముందే కత్తిరించుకోండి.

ఓడలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడుంది. గదిలో చేతులు కడుక్కుంటారు, లిఫ్టు బొత్తాం నొక్కుతారు, రెయిలింగ్ పట్టుకుంటారు, బఫేలో అందరూ పట్టుకున్న గరిట పట్టుకుని వడ్డించుకుంటారు, ఆ చేత్తోనే తింటారు. వరస మార్చండి. ముందు వడ్డించుకుని, పళ్ళెం బల్ల మీద పెట్టి, ఇంట్లో ఒకరిని కాపలా ఉంచి, అప్పుడు వెళ్ళి చేతులు కడుక్కుని రండి. భోజనశాల గుమ్మంలో కడుక్కునే తొట్లు చాలా ఓడల్లో ఉన్నాయి. ద్వారం దగ్గర మీ చేతిలో శానిటైజర్ కొడితే కొట్టించుకోండి, అది జలుబు వైరస్‌లకి పనికొస్తుంది. సబ్బుకి బదులు మాత్రం కాదు.

వేడివేడిగా అప్పుడే వేసిచ్చే దోసె, ఆమ్లెట్ లాంటివి, బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించేవి మేలు. కోసి గంటలు గడిచిన పళ్ళముక్కలు, పచ్చి సలాడ్, పచ్చి చేపల వంటకాలు పెద్దవాళ్ళకీ, గర్భిణులకీ వద్దు. ఒకే పళ్ళెంలోంచి అందరూ తీసుకోవడం, ఒకరి సీసా ఇంకొకరు ఎత్తిపోసుకోవడం ఈ నాలుగు రోజులూ మానండి.

గదిలో టాయిలెట్ మూత వేశాకే ఫ్లష్ నొక్కండి. ఎవరికైనా విరేచనాలుంటే ఈత కొలనులోకీ, వేడినీళ్ళ తొట్టిలోకీ దిగకూడదు.

జబ్బు చేస్తే

ముందు ఊగుడు వల్లా, వైరస్ వల్లా అని గుర్తుపట్టాలి. సముద్రం పడనివాళ్ళకి ఓడ ఊగినప్పుడు తల తిరిగి వాంతి వస్తుంది, బయటి గాలికి వెళ్ళి దిగంతం వైపు చూస్తే కుదుటపడుతుంది. జ్వరం, విరేచనాలు ఉండవు. నోరోవైరస్ సోకితే 12 నుంచి 48 గంటల్లో, ఉన్నట్టుండి వాంతులు, నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. ఓడ ప్రశాంతంగా ఉన్నా ఆగవు. తేడా తెలియకపోతే వైరస్ అనుకునే నడుచుకోండి. మేం అల్లం ముక్కతో నాలుగు గంటలు పోగొట్టుకున్నాం.

గదిలోంచి బయటికి రావద్దు. ఫోన్ ఎత్తి వైద్య కేంద్రానికి చెప్పండి. వాళ్ళు రమ్మంటే మాస్కు పెట్టుకుని వెళ్ళండి, లేదా వాళ్ళే వస్తారు. కారిడార్‌లో గానీ గదిలో గానీ వాంతి అయితే మీరు తువ్వాలుతో తుడవొద్దు. సిబ్బందికి చెప్పండి, వాళ్ళ దగ్గర దానికి తగిన మందు, తొడుగులు ఉంటాయి. గదిలోనే ఉండమంటే చెప్పినన్ని గంటలూ ఉండండి. భోజనం తలుపు దగ్గరికి తెచ్చిస్తారు. వట్టి అన్నం, పెరుగు అడగండి, చాలా ఓడల్లో దొరుకుతాయి. లక్షణాలు చెప్పడానికి వెనకాడొద్దు. ప్రయాణికుల్లో కానీ సిబ్బందిలో కానీ 3 శాతం మందికి కడుపు జబ్బు వస్తే సీడీసీ దాన్ని బయటికి ప్రకటిస్తుంది, ఓడవాళ్ళు బఫేలో ఎవరికి వారు వడ్డించుకోవడం ఆపి గట్టిగా శుభ్రం చేయిస్తారు. మీరు చెప్పకపోతే ఆ లెక్క తేలదు.

ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టండి. పిల్లలకీ అంతే. అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మీ అంతట మీరు వేసుకోవద్దు, వైరస్ మీద అది పనిచేయదు. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే విరేచనాలు కట్టే మాత్ర కూడా వద్దు.

జలుబు, దగ్గు, జ్వరమైతే గదిలో ఉండి కిట్‌తో చూసుకోండి. మొదటి రోజు నెగెటివ్ వచ్చిందని నమ్మకండి, 48 గంటలాగి మళ్ళీ చూడాలి. జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, ఒంట్లో బాగుపడుతున్నప్పుడు బయటికి రావచ్చు. ఆ తర్వాత ఇంకో ఐదు రోజులు మాస్కు ఉంచుకోవాలి. సీడీసీ 2024 మార్చి నుంచి చెబుతున్న పద్ధతి ఇది. ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని మాత్రలు బీపీ పెంచుతాయి, బీపీ ఉన్నవాళ్ళు అడిగి వేసుకోండి.

ఇవి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగొద్దు: ఊపిరి ఆడకపోవడం, ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ, గుండెలో నొప్పి, మాట తడబడటం, మగతగా పడి ఉండటం, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, విరేచనంలో రక్తం. ఓడలో డాక్టరు, నర్సులు, కొన్ని మందులు, సెలైను ఉంటాయి. పెద్దాసుపత్రి ఉండదు. ముదిరాక చెప్పడం అక్కడ ఇంకా ప్రమాదం.

ఓడలో పనిచేసేవాళ్ళని కూడా గుర్తుంచుకోండి. మనం నాలుగు రోజుల్లో దిగిపోతాం, వాళ్ళు నెలల తరబడి అక్కడే ఉంటారు. మన గది ఊడ్చే అబ్బాయికి మన దగ్గు అంటకూడదు. జబ్బుగా ఉంటే అతను లోపలికి వచ్చే ముందే చెప్పి, మాస్కు పెట్టుకోండి.

దిగి ఇంటికొచ్చాక

ఫ్లూ ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది, కోవిడ్‌కి రెండు నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. కాబట్టి దిగిన మర్నాడే అమ్మమ్మని చూడ్డానికి తెనాలి వెళ్ళిపోవద్దు. ఐదు రోజులు ఆగండి, లేదా మాస్కు పెట్టుకుని వరండాలో కూర్చుని మాట్లాడండి. రైల్లో తిరుగు ప్రయాణంలో ఎవరికైనా దగ్గు మొదలైతే చివరిదాకా మాస్కు తీయొద్దు.

విరేచనాలు అయినవాళ్ళు అవి తగ్గాక కనీసం రెండు రోజులు వంటింట్లోకి వెళ్ళకూడదు. తగ్గాక కూడా రెండు వారాలపైన వైరస్ పోతూనే ఉంటుంది, అందుకని సబ్బు అలవాటు అంతకాలం గట్టిగా ఉంచండి. అమ్మ వచ్చిన రోజే పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే అక్క ఆపేసింది, నాలుగు రోజులు వంట మేమే చేశాం. జబ్బు మనిషి బట్టలు, దుప్పట్లు విడిగా, వేడినీళ్ళలో ఉతికించండి. పనమ్మాయి చేత వట్టి చేతులతో ఉతికించొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఓడ దిగి వచ్చామని, ఏ తేదీన దిగామో, గదిలో ఇంకెవరికి జబ్బు చేసిందో మొదటి మాటగానే చెప్పండి. ఓడలో ఇచ్చిన మందుల చీటీ, బిల్లులు తీసుకెళ్ళండి. వాటి ఫోటోలు బీమావాళ్ళకి పంపాక అసలు కాగితాలు క్లెయిమ్ డబ్బు చేతికొచ్చేదాకా పారేయకండి.